శివరాత్రి దాటింది: ముఖానికి ఏది మానాలి, ఏది మిగల్చాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటున్నారు. రోజూ 40 నిమిషాలు స్కూటర్ మీద ఆఫీసుకు వెళతారు, అక్కడ తొమ్మిది గంటలు ఏసీలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. చలికాలమంతా రాత్రిపూట చిక్కటి క్రీము, తలకూ కొంచెం ముఖానికీ కొబ్బరినూనె, ఉదయం విటమిన్ సి సీరమ్, ఆదివారం సున్నిపిండి. శివరాత్రి దాటిందో లేదో నుదుటి మీద ఆవగింజలంత పొక్కులు లేచాయి. మధ్యాహ్నానికి నుదురు, ముక్కు జిడ్డోడుతున్నాయి. అదే ముఖంలో బుగ్గలు మాత్రం బిగుసుకుపోయి లాగుతున్నాయి. కుడి చెంప ఎముక మీద లేత గోధుమరంగు మచ్చ ఒకటి కనిపిస్తోంది. ఏదో వీడియోలో చెప్పిన 'వసంతకాలపు చర్మసంరక్షణ' జాబితాలో ఏడు వస్తువులున్నాయి, వాటిలో ఏవి కొనాలి, మాయిశ్చరైజర్ పూర్తిగా మానేయాలా అని అడిగారు.

ఆ ఏడింటిలో ఒక్కటే కొనండి, సన్‌స్క్రీన్. మీ దగ్గర ఉన్నవాటిలో మూడింటిని పక్కన పెట్టండి. మాయిశ్చరైజర్ మానకండి, మార్చండి. తొందరలో ఉన్నవారికి ఇంతే సమాధానం. ఎందుకో తెలుసుకునే ఓపిక ఉంటే కింద చదవండి. 22 ఏళ్లుగా చర్మవ్యాధుల వైద్యం చేస్తున్నాను, ఈ నెలలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందిది దాదాపు మీ కథే.

ఆ జాబితా నేనూ చూశాను. అది చలిదేశాల వసంతానికి రాసినది. అక్కడ మంచు కరిగి, చలికోటు విప్పడానికి రెండు నెలలు పడుతుంది. చర్మానికి నింపాదిగా సర్దుకునే వీలుంటుంది. మన వసంతం మామిడిపూతకూ మోదుగుపూలకూ కోయిలకూ సంబంధించినది, చర్మానికి దాంతో పెద్దగా పరిచయం లేదు. చలి 'శివ శివా' అంటూ వెళ్లిపోయిన మరునాడే ఫ్యాను రెండు అంకెలు పెరుగుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్పులన్నీ ఒకేసారి రావు. ముందు ఎండ మారుతుంది, తర్వాత వేడి పెరుగుతుంది, ఆ తర్వాతే చెమట. మనం మేలుకునేది చెమట పట్టినప్పుడు. అప్పటికి ఎండ నెల రోజులుగా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

నమ్మకం కలగకపోతే నీడను కొలవండి. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21న మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అప్పుడు 160 సెంటీమీటర్ల మనిషి నీడ 140 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మార్చి 21 నాటికి సూర్యుడు 72 డిగ్రీలు దాటతాడు, అదే మనిషి నీడ 50 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. మే రెండో వారానికి నడినెత్తికి చేరతాడు, నీడే ఉండదు. నీడ ఎంత పొట్టిదైతే అతినీలలోహిత కిరణాలు అంత నేరుగా దిగుతాయి. వాటిని కొలిచే యూవీ సూచికలో 3 నుంచి రక్షణ అవసరం, 8 నుంచి చాలా ఎక్కువ అని లెక్క. బ్రిటన్‌లో నడివేసవిలో కూడా అది 8 దాటడం అరుదు. మనకు మార్చి మధ్యాహ్నమే దాటిపోతుంది. గాలి ఇంకా చల్లగానే ఉంది కదా అని ఫిబ్రవరిలో చేతులు లేని జాకెట్టుతో తిరునాళ్లకు తిరిగి, భుజాలు నల్లబడ్డాక వచ్చేవాళ్లను ఏటా చూస్తాను. ఈ కిరణాలకు వెచ్చదనం ఉండదు. ఒంటికి తెలియకుండానే పని కానిస్తాయి.

కాబట్టి మొదటి మార్పు సన్‌స్క్రీన్. నిజానికి సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టాల్సింది, ఈ రోజు మొదలుపెట్టినా సరే. ఎస్పీఎఫ్ (ఎండకు కాలిపోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్నది చాలు, 50 అయితే మంచిది. సరిగ్గా రాసినప్పుడు 30 సుమారు 97 శాతం యూవీ-బీ కిరణాలను, అంటే చర్మాన్ని కాల్చే రకాన్ని, ఆపితే 50 సుమారు 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం డబ్బు పోయకండి. 'సరిగ్గా రాసినప్పుడు' అన్న మాటలోనే తిరకాసంతా ఉంది. ఆ అంకెను పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. మనం బొట్టు బొట్టుగా ఐదు చుక్కలు పెట్టి పులుముకుంటాం, అది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి పొడవునా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. అది దాదాపు ఒక గ్రాము. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి రాసుకుంటే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. "డాక్టరుగారూ, నేను వాడుతూనే ఉన్నాను" అనే ప్రతి ఒక్కరినీ నేను అడిగే ప్రశ్న ఒక్కటే, ట్యూబు ఎన్నాళ్లు వచ్చింది? మూడు నెలలు వచ్చిందంటే వాడనట్టే. అందుకే ఖరీదైనది కొనవద్దంటాను. ఖరీదు ఎక్కువైతే చెయ్యి ముడుచుకుంటుంది. రెండుపూటలా ధారాళంగా రాసుకోగల ధర ఏదో అదే మీకు మంచి సన్‌స్క్రీన్. జిడ్డు ముఖం కాబట్టి జెల్ రకం చూడండి. డబ్బా మీద 'పీఏ' పక్కన మూడు, నాలుగు ప్లస్ గుర్తులున్నది తీసుకోండి. ఆ గుర్తులు చెప్పేది యూవీ-ఏ అనే ఇంకో రకం అతినీలలోహిత కిరణాల గురించి. మీకు కావలసింది ముఖ్యంగా అదే.

ఎందుకంటే, మీ మచ్చ కుడి చెంప మీద ఉందన్నారు. ఆఫీసులో కిటికీ మీకు కుడివైపే ఉందా? మామూలు గాజు యూవీ-బీని చాలావరకు ఆపుతుంది, యూవీ-ఏను మాత్రం లోపలికి రానిస్తుంది. రంగు పెరగడంలో యూవీ-ఏ పాత్ర పెద్దది. మంగు మచ్చలైతే సాధారణంగా రెండు చెంపల మీదా జోడుగా వస్తాయి, ఒకవైపే వచ్చిందంటే నాకు కిటికీ మీదే అనుమానం. కుర్చీ మార్చుకోవడం కుదరకపోతే తెర దించుకోండి. మనలాంటి చర్మానికి ఇంకో సంగతి కూడా ఉంది. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో బట్టి రకాలు చేసే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతి 1975లో వచ్చినప్పుడు అది తెల్లవారి చర్మం కోసమే. గోధుమరంగు, నల్లని చర్మాలను ఆ తర్వాతే చేర్చారు. మనలో ఎక్కువమంది అందులో నాలుగు, ఐదు రకాలకు చెందుతాం. ఎండకు తెల్లవారిలా ఎర్రగా కాలిపోం, కాబట్టి మనకేమీ కాలేదనుకుంటాం. కానీ మన చర్మం కాలడానికి బదులు రంగును పోగేసుకుంటుంది, పోగేసిన రంగును నెలల తరబడి వదలదు. మంగు ఉన్నవారికి కంటికి కనిపించే వెలుతురు కూడా చేటు చేస్తుంది. వారికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ మేలు. తెల్ల సన్‌స్క్రీన్ ఆ వెలుతురును పెద్దగా ఆపలేదు.

స్కూటర్ మీద 40 నిమిషాలన్నారు. అక్కడ మీకు సన్‌స్క్రీన్ కంటే చున్నీ గొప్పది, చేతులకు పొడవాటి నూలు తొడుగులు ఇంకా గొప్పవి. చున్నీని రోజూ ఉతకాలి. నిన్నటి చెమట, దుమ్ము, హెల్మెట్ లోపలి జిడ్డు అన్నీ కలిసిన గుడ్డను మళ్లీ ముఖానికి బిగించి కట్టుకుంటే గడ్డం కింద, దవడ మీద పొక్కులు రాకుండా ఎలా ఉంటాయి? వారానికి ఆరు చున్నీలు పెట్టుకోండి, పాత నూలు పంచె చింపుకున్నా సరే. సన్‌స్క్రీన్ ట్యూబును స్కూటర్ డిక్కీలో పెట్టకండి. ఎండలో నిలబడిన బండి డిక్కీ పొయ్యితో సమానం, అందులో మందు విరిగిపోతుంది.

ఇక మాయిశ్చరైజర్. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. నేను మొదటి ఎనిమిదేళ్లు కాకినాడలో పనిచేశాను. అక్కడ ఫిబ్రవరి దాటితే క్రీములు మానేయండి అనేదాన్ని, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. సముద్రపు గాలి, తేమ ఎప్పుడూ సమృద్ధిగా ఉంటుంది. తర్వాత హైదరాబాద్ వచ్చి మొదటి మార్చిలో అదే మాట అందరికీ చెప్పాను. రెండు వారాల్లో ఒకరి వెనక ఒకరు తిరిగి వచ్చారు. బుగ్గల మీద పొట్టు, పెదవుల చివర పగుళ్లు, ముఖం కడిగితే మంట. ఒక పెద్దావిడ "మీరు చెప్పారనే మానేశానమ్మా" అన్నప్పుడు తలదించుకున్నాను. కారణం తర్వాత అర్థమైంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలిలో తేమ 30 శాతానికి అటూఇటూగా ఉంటుంది. దక్కను పీఠభూమిది పొడి వేడి. అది చర్మంలో నీటిని లాగేస్తుంది. ఆ మిగిలిన నీటిని ఆఫీసు ఏసీ లాగేస్తుంది. మరోవైపు చర్మం ఒక డిగ్రీ వేడెక్కితే నూనె స్రవించడం సుమారు 10 శాతం పెరుగుతుంది. అంటే నీరు తగ్గుతోంది, నూనె పెరుగుతోంది. జిడ్డూ పొడితనమూ ఒకే ముఖంలో ఎలా ఉంటాయని మీరు ఆశ్చర్యపోయారు కదా, ఇలాగే ఉంటాయి. నూనె వేరు, తేమ వేరు.

అందుకని చిక్కటి క్రీమును ఆపి, నీరెక్కువ ఉండే పలుచటి లోషనో జెల్లో వాడండి. గ్లిజరిన్ ఉంటే చాలు, హైలురోనిక్ యాసిడ్ అని రాసి మూడింతల ధర పెట్టినదాన్ని వెతకనక్కరలేదు. ముఖం కడిగి, తుడిచీ తుడవకుండా తడి మీదే రాయండి. పొడి చర్మం మీద, పొడి గాలిలో ఉత్త గ్లిజరిన్ రాస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది. ఉదయం జిడ్డుగా అనిపిస్తే లోషను మానేసి సన్‌స్క్రీన్ ఒక్కటే రాసుకోండి, అందులోనూ కొంత తేమ ఉంటుంది. రాత్రి మాత్రం మానవద్దు. చలికాలపు క్రీము వృథా అవుతుందని బాధపడకండి. మోచేతులు, మడమలు, పిక్కలు ఉన్నాయి, అక్కడ నూనెగ్రంథులు తక్కువ, వేసవిలోనూ తింటాయి. మీరు విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఈ పేరా తీసిపారేసి 'రాత్రి కూడా అవసరమైతేనే' అని ఒక్క వాక్యం రాసేదాన్ని.

పక్కన పెట్టమన్న మూడింటిలో ఒకటి ఆ చిక్కటి క్రీము, రెండోది కొబ్బరినూనె. కొబ్బరినూనె మీద నాకు పగ లేదు, రోజూ తలకు రాసుకుంటాను. కానీ నుదుటి మీద, అంతా ఒకే పరిమాణంలో, దురద పెట్టే సన్న పొక్కులు చెమట మొదలయ్యే రోజుల్లోనే లేచాయంటే నాకు తట్టేది మొటిమలు కాదు, మలసీజియా అనే శిలీంధ్రం. అది అందరి చర్మం మీదా ఉంటుంది. దాని తిండి కొవ్వు ఆమ్లాలు. కొబ్బరినూనెలో అవి దానికి విందుభోజనం. వేడి, చెమట, నూనె మూడూ కలిస్తే రోమకూపాల్లో పెరిగిపోతుంది. ఛాతీ మీద, వీపు మీద తెల్లగా పొడిపొడిగా వచ్చే శోభి మచ్చలూ దీని పనే, వాటికీ ఇదే కాలం. మొటిమలైతే చిన్నవీ పెద్దవీ, నల్లతలవీ తెల్లతలవీ కలగలిసి ఉంటాయి, దురద అంతగా ఉండదు. తేడా ఎందుకు చెబుతున్నానంటే, శిలీంధ్రపు పొక్కులకు మొటిమల మందులు పెద్దగా పనిచేయవు, వాటికని మింగే యాంటీబయాటిక్ బిళ్లలతో ఒక్కోసారి ఇంకా పెరుగుతాయి. మందుల షాపులో దొరికే 2 శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి మూడుసార్లు నుదుటికి పట్టించి, కళ్లలో పడకుండా ఐదు నిమిషాలు ఉంచి కడిగేయండి. తలకు నూనె కావాలంటే తలస్నానానికి గంట ముందు పెట్టుకోండి, రాత్రంతా ఉంచి దిండుకూ నుదుటికీ పంచకండి. మూడు వారాల్లో తగ్గకపోతే నా అనుమానం తప్పు, అప్పుడు దగ్గరలో ఉన్న చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

మూడోది సున్నిపిండి. ఇది చెబితే మా అత్తగారు కూడా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉగాది నాడు నువ్వులనూనె అంటుకుని సున్నిపిండితో తలంటు పోసుకోవడం నాకూ ఇష్టమే, ఏడాదికి నాలుగు పండగలు అలా చేస్తే ఏమీ కాదు. నా గొడవ రెండిటితో. ఒకటి, పొక్కులున్న ముఖాన్ని బరకపిండితో రుద్దడం. రెండోది చాలామందికి తెలియనిది, బావంచాలు. పెసలు, కచ్చూరాలు, పసుపుతో పాటు పాత పద్ధతి సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. చర్మం మీద సోరాలెన్ ఉండగా ఎండ తగిలితే చర్మం రంగును విపరీతంగా పుట్టిస్తుంది, ఒక్కోసారి బొబ్బలూ వస్తాయి. బొల్లికి సోరాలెన్ ఇచ్చి కాంతి చికిత్స చేసేది ఈ గుణం వల్లనే. మచ్చ పోవాలని మీరు రుద్దుకునే పిండిలో మచ్చను పెంచే దినుసు ఉందన్నమాట! మీ ఇంట్లో పిండి ఎవరు పట్టిస్తారో వారిని అడగండి. బావంచాలు ఉంటే సాయంత్రం స్నానానికే వాడి బాగా కడిగేసుకోండి, ముఖానికి వద్దే వద్దు. నిమ్మరసం సంగతీ ఇంతే. నిమ్మ జాతిలోనూ సోరాలెన్లు ఉన్నాయి, ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లడం మచ్చను కొని తెచ్చుకోవడమే. అన్నట్టు మీ జాబితాలో ఉన్న 'బకుచియోల్' సీరమ్ కూడా ఆ బావంచాల గింజ నుంచి తీసినదే, కాకపోతే శుద్ధి చేసినదానిలో సోరాలెన్ బెడద ఉండదు. చెడ్డదేమీ కాదు, మీకు ఇప్పుడు అక్కరలేదు, అంతే.

విటమిన్ సి ఉంచుకోవచ్చు. సీసాలో రంగు చూడండి. ముదురు గోధుమరంగుకు తిరిగితే అది పాడైపోయింది, పారేయండి. వేసవిలో త్వరగా తిరుగుతుంది.

కాలం మారే ఈ నెలలో కొత్తగా రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్ లాంటి, చర్మపు పైపొరను త్వరగా రాల్చేవి మొదలుపెట్టవద్దు. ముందునుంచీ వాడుతుంటే రాత్రిపూట కొనసాగించవచ్చు. మొదలుపెట్టాలనుంటే వానలు పడ్డాక, మబ్బు కాలంలో మొదలుపెట్టండి. మొటిమలకు డాక్సీసైక్లిన్ బిళ్లలు మింగుతున్నవారు ఎండ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి, ఆ మందు చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది.

మీ ప్రశ్న చివర ఒక వాక్యం రాశారు, సహోద్యోగి ఒకరు "ఈ క్రీము రాస్తే వారంలో మచ్చ పోతుంది" అని ఒక ట్యూబు ఇచ్చారని. మీ ప్రశ్న అంతటిలో నన్ను భయపెట్టింది ఆ వాక్యమే. ట్యూబు మీద సన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఫ్లుసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. వారంలో తెల్లబడే మాట నిజమే. రెండు మూడు నెలలు రాస్తే చర్మం పలుచబడి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, సన్నటి వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట, ఆపకపోతే ఇంకా నష్టం. చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లు మార్చి ఎండ తగలగానే ముఖం నిప్పులాగా మండుతోందని పరుగెత్తుకొస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. తామరకు కూడా ఇవే కలిపిన క్రీములు రాసి, వేసవిలో ఒళ్లంతా పాకించుకునేవారు లెక్కలేనంతమంది. ఆ సహోద్యోగికి నొచ్చకుండా ట్యూబు తిరిగి ఇచ్చేయండి. వీలైతే ఈ పేరా కూడా చదివించండి. ఇప్పటికే నెలలుగా వాడుతున్నవారు మాత్రం తటాలున ఆపకండి, డాక్టరును కలిసి మెల్లగా తగ్గించుకోండి.

హోలీ ఎలాగూ వస్తోంది కాబట్టి రెండు మాటలు. రంగులు ఆడే ముందు ముఖానికి సన్‌స్క్రీన్, చేతులకు నూనె లేదా మీ చలికాలపు క్రీము (ఇదిగో, పనికొచ్చింది). ఆడాక పొడి రంగును ముందు పొడిగుడ్డతో దులిపేసి, తర్వాత నీళ్లు. మిగిలినదాన్ని రుద్ది వదిలించాలని చూడకండి, రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. కిరసనాయిలు, బట్టల సబ్బు ముఖం దగ్గరికి రానివ్వకండి. మోదుగుపూలు ఉడికించిన నీళ్లు దొరికితే అంతకంటే భాగ్యం లేదు, మా చిన్నప్పుడు కాముని పున్నమికి అవే చల్లుకునేవాళ్లం.

ఇక్కడే ఇద్దరు వేరే ప్రశ్నలు అడిగారు, వారికి కూడా ఇందులోనే చెప్పేస్తాను. ఉదయపు నడకకు వెళ్లే నాన్నగారికి, 58 ఏళ్లట, ఎండలు మొదలైనప్పటి నుంచి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదతో దళసరి అవుతున్నాయని ఒకరు రాశారు. నడిచే దారి పక్కన వయ్యారిభామ మొక్కలున్నాయేమో చూడండి. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు, తెల్లటి చిన్న పూలుంటాయి. దాని పొడి గాలిలో ఎగిరి వచ్చి, బట్ట కప్పని చోట్ల ఇలాంటి అలర్జీ తెస్తుంది. క్రీములు మార్చి లాభం లేదు. దారి మార్చాలి, ఇంటికి రాగానే ముఖం, చేతులు కడుక్కుని చొక్కా మార్చుకోవాలి, ఒకసారి చర్మవైద్యులకు చూపించాలి. రెండోవారు న్యూజెర్సీలో ఉన్న కూతురి గురించి అడిగారు. అమ్మా, ఆ జాబితా మీ అమ్మాయికి పనికొస్తుంది! అక్కడ మార్చిలో చలి, హీటర్ల పొడిగాలి ఇంకా ఉంటాయి, చిక్కటి క్రీము ఏప్రిల్ నడుమ దాకా ఆపనక్కరలేదు. చెట్ల పుప్పొడి ఎగిరే ఏప్రిల్, మే నెలల్లో కళ్ల చుట్టూ దురద రావచ్చు. మన ఇంటి నుంచి పంపిన సున్నిపిండిలో బావంచాలుంటే పైన చెప్పింది ఆ అమ్మాయికీ వర్తిస్తుంది.

మామిడికాయలు వచ్చేస్తున్నాయి, 'వేడి చేసి' పొక్కులొచ్చాయని ఎవరో ఒకరు అంటారు. మామిడిపండు తింటే మొటిమలు వస్తాయన్నది నేను నమ్మను. కాయ సొన మాత్రం నిజంగానే ప్రమాదం. అది జీడి జాతి చెట్టు, తొక్కలో, తొడిమ దగ్గర ఉండే సొన తగిలి మూతి చుట్టూ కాలి నల్లబడినవారిని ప్రతి ఏప్రిల్‌లో చూస్తాను. తొడిమ కోసి, సొన కారనిచ్చి, కడిగి, తొక్క తీసి తినండి. నోటితో తొక్క చీల్చకండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరుస. ఈ రోజే సన్‌స్క్రీన్, చున్నీ, కిటికీ తెర. ఈ వారమే ముఖానికి కొబ్బరినూనె, సున్నిపిండి బంద్. క్రీము నుంచి లోషనుకు మారడం వచ్చే వారం. కొత్తది ఏదైనా ముందు చెవి వెనక మూడు నాలుగు రోజులు రాసి చూసి, ఆ తర్వాతే ముఖానికి. అన్నీ ఒకే రోజు మారిస్తే, మంట పుట్టినప్పుడు దోషం దేనిదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ముఖం రోజుకు రెండుసార్లు మించి ఫేస్‌వాష్‌తో కడగకండి, మధ్యాహ్నం జిడ్డుకు ఉత్త నీళ్లు చాలు. బోరునీళ్లు ఈ నెలల్లో ఇంకా ఉప్పుబారతాయి, సబ్బు నురగ రాకుండా తెట్టు కడుతుంటే ముఖానికి మాత్రం ఒక చెంబు మంచినీళ్లు వాడుకోండి.

చెంప మీది మచ్చకు ప్రస్తుతానికి ఏ మందూ రాయను. రేపు ఉదయం పదింటికి, ఇంట్లో ఏదైనా ఒక కిటికీ ఎదురుగా నిలబడి, ముఖం కడిగి, ఏమీ రాసుకోకుండా ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఉగాది మరునాడు అదే కిటికీ దగ్గర, అదే సమయానికి ఇంకొకటి తీయండి. చర్మపు పైపొర కొత్తగా ఏర్పడటానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఈ లోపు అద్దంలో రోజూ వెతుక్కుని లాభం లేదు. రెండు ఫోటోల్లో మచ్చ అంతే ఉంటే మంచి కబురే, ఇప్పుడు చేస్తున్నదే కొనసాగించండి. పెరిగినా, ఎడమ చెంప మీద కూడా జోడు లేచినా అది మంగు కావచ్చు, ఆ రెండు ఫోటోలూ పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నట్టయితే ఆ సంగతి వారికి తప్పకుండా చెప్పండి, మంగుకు వాటితో సంబంధం ఉంటుంది.